టాస్క్ యాప్‌లో మన డేటా మన చేతికి అందుతుందో లేదో ముందే ఎలా తేల్చుకోవాలి? స్క్రిప్ట్‌లు రాసుకునేవాళ్ళు చెప్పండి

మిగిలినపని:

అందరికీ నమస్కారం. చాలా ఏళ్ళుగా ఒకే టాస్క్ యాప్ వాడుతున్నాను. పేరు చెప్పను, ఎందుకంటే నా ప్రశ్న ఆ ఒక్క యాప్ గురించి కాదు. ఆఫీసు పనులు, ఇంటి పనులు, కట్టాల్సిన బిల్లులు, ఎవరికి ఏం మాటిచ్చానో అన్నీ అందులోనే ఉన్నాయి. చూడడానికి బాగుంటుంది, ఫోన్‌లో వేగంగా పనిచేస్తుంది, ఇన్నాళ్ళూ ఏ కంప్లైంటూ లేదు.

ఈమధ్య రెండు చిన్న స్క్రిప్ట్‌లు రాసుకోవాలనిపించింది. మా పనిలో ప్రతి కొత్త ప్రాజెక్టుకీ దాదాపు అవే పనులు, అదే వరసలో వస్తాయి, తేదీలు మాత్రమే మారతాయి. మొదలయ్యే తేదీ ఇస్తే ఆ జాబితా మొత్తం యాప్‌లో దానంతట అదే తయారవ్వాలి, ఇది మొదటిది. వారం చివర ఆ వారంలో ఏమేం పూర్తయ్యాయో ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి రావాలి, ఇది రెండోది. కొంచెం పైథాన్ వచ్చు కాబట్టి ఒక పూట పని అనుకున్నాను.

తీరా చూస్తే ఆ యాప్‌కి ఏపీఐ, అంటే స్క్రిప్ట్ నేరుగా యాప్‌తో మాట్లాడే దారి, లేదు. ఎక్స్‌పోర్ట్ బటన్ ఉంది, నొక్కితే ఒక సీఎస్‌వీ ఫైల్ (కామాలతో విడగొట్టిన పట్టిక) వచ్చింది. అందులో పూర్తయిన పనులు ఒక్కటీ లేవు. ఒక పని కింద పెట్టుకున్న చిన్న పనులన్నీ విడివిడి వరసలుగా వచ్చాయి, ఏది దేని కిందదో తెలియదు. ప్రతి నెలా రావాల్సినవి ఒక్క తేదీతో ఆగిపోయాయి. కామెంట్లు లేవు, ఆ పని ఎప్పుడు సృష్టించానో ఆ తేదీ కూడా లేదు. పైగా తెలుగులో రాసుకున్నవన్నీ ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తున్నాయి. సపోర్ట్‌కి మెయిల్ చేస్తే ‘మీ సూచన మా టీమ్‌కి పంపాం’ అని జవాబు.

ఇక మారిపోదామని నిర్ణయించుకున్నాను. కానీ మళ్ళీ ఇలాంటి చోటే ఇరుక్కుంటానేమోనని టెన్షన్. రివ్యూలన్నీ డిజైన్ గురించి, విడ్జెట్ల గురించి చెబుతున్నాయి తప్ప లోపల పెట్టింది బయటికి వస్తుందా లేదా అన్నది ఎవరూ రాయడం లేదు. మీరైతే ఏం చూసి ఎంచుకుంటారు?

పాతకోడ్:

మంచి ప్రశ్న అడిగారండి, వివరంగా చెబుతాను.

ముందు ఒక విషయం. ఎక్స్‌పోర్ట్ ఉంది అనగానే డేటా మనదే అనుకోకూడదు. ఎక్స్‌పోర్ట్ అంటే కంపెనీ ఇవ్వదలచుకున్నంత ఇవ్వడం. స్క్రిప్ట్‌కి కావాల్సింది వేరు: ఎవరినీ అడగకుండా, బటన్ నొక్కకుండా, మొత్తం చదవగలగాలి, మార్చగలగాలి, మళ్ళీ లోపలికి పెట్టగలగాలి. ఈ మూడూ ఉన్నాయా లేదా అన్నదే నేను చూసేది. ఇందులో ‘మళ్ళీ లోపలికి పెట్టగలగడం’ దగ్గరే చాలా యాప్‌లు తప్పుకుంటాయి, వాళ్ళు ఇచ్చిన ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని వాళ్ళ యాపే తిరిగి తీసుకోదు.

అందుకే ఏ యాప్ అయినా చేరకముందు ఒక ట్రయల్ ఖాతా తెరిచి కావాలని కష్టమైన పనులు పెట్టండి. ఒక పని కింద ఇంకోటి, దాని కింద మరోటి. ప్రతి నెలా చివరి శుక్రవారం వచ్చే పని ఒకటి. టైమ్ ఉన్న గడువు ఒకటి, తేదీ మాత్రమే ఉన్న గడువు ఒకటి. నోట్‌లో కామా, డబుల్ కోట్, రెండు మూడు లైన్లు, తెలుగు, ఒక ఎమోజీ. ఒక పని పూర్తిచేయండి, ఒకటి డిలీట్ చేయండి. ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ తీసి, ఇంకో ఖాళీ ఖాతాలోకి ఇంపోర్ట్ చేసి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ ఏం పోయిందో అదే మీరు ఆ యాప్‌లో ఎప్పటికీ పోగొట్టుకోబోయేది. కంపెనీ వాళ్ళ ఫీచర్ల పేజీ మొత్తం చదివినా ఇంత తెలియదు.

ఇక ప్రతి పనికీ మారని గుర్తింపు సంఖ్య, అంటే ఐడీ, బయటికి వస్తుందా అని తప్పక చూడండి. పేరు మారినా, తేదీ మారినా, వేరే జాబితాలోకి జరిపినా ఐడీ అదే ఉండాలి. ఐడీ లేని ఎక్స్‌పోర్ట్ చదువుకోవడానికి పనికొస్తుంది గానీ స్క్రిప్ట్‌కి పనికిరాదు, ఎందుకంటే నిన్నటి ఫైల్‌లోని పని, ఇవాళ్టి ఫైల్‌లోని పని ఒకటేనా అని తేల్చడానికి ఆధారమే ఉండదు.

కంపెనీ పెద్దదైతే భయం లేదని కొందరంటారు, ఆ మాట నేను ఒప్పుకోను. వండర్‌లిస్ట్ అనే టాస్క్ యాప్‌ని 2015లో మైక్రోసాఫ్ట్ కొన్నది, 2020 మే 6న మూసేసింది. వాళ్ళ టు డూ యాప్‌లోకి ఇంపోర్ట్ ఇచ్చారు కాబట్టి చాలామంది బయటపడ్డారు, నిజమే, కానీ వండర్‌లిస్ట్ ఏపీఐ మీద స్క్రిప్ట్‌లు రాసుకున్నవాళ్ళు అన్నీ మళ్ళీ మొదటినుంచి రాసుకోవాల్సి వచ్చింది. ఆస్ట్రిడ్ అనే ఇంకో టాస్క్ యాప్‌ది వేరే కథ. 2013లో యాహూ కొన్నది, అదే ఏడాది ఆగస్టులో సర్వీస్ ఆగిపోయింది. కానీ ఆస్ట్రిడ్ ఆండ్రాయిడ్ యాప్ కోడ్ ఓపెన్ సోర్స్‌గా ఉండడంవల్ల దాన్నుంచే టాస్క్స్ డాట్ ఆర్గ్ అనే యాప్ పుట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. కొన్నవాళ్ళు సర్వీస్ ఆపేశారు, కోడ్‌ని మాత్రం ఆపలేకపోయారు.

మీ రెండు స్క్రిప్ట్‌లకి సరిపోయేవి చెప్పాలంటే: మీకు ఫోన్ ముఖ్యం, సర్వర్ పెట్టుకునే ఓపిక లేదు అంటే టోడోయిస్ట్ లాంటిది. ఏపీఐకి డాక్యుమెంటేషన్ బాగుంటుంది, పూర్తయిన పనులు కూడా ఏపీఐలో దొరుకుతాయి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, యాప్‌లో ప్రయారిటీ 1 అంటే అత్యవసరం, ఏపీఐలో అదే 4గా వస్తుంది, తలకిందులు. ఇది వాళ్ళ డాక్యుమెంట్‌లోనే రాసి ఉంది, కానీ చదవకుండా మొదలుపెడితే ముఖ్యమైనవన్నీ జాబితా అడుక్కి వెళ్తాయి. మ్యాక్, ఐఫోన్ మాత్రమే వాడేవాళ్ళయితే ఓమ్నీఫోకస్‌లో జావాస్క్రిప్ట్‌తో ఆటొమేషన్ ఉంది, ఫోన్‌లో కూడా నడుస్తుంది. థింగ్స్‌కి మ్యాక్‌లో ఆపిల్‌స్క్రిప్ట్ ఉంది, యూఆర్ఎల్ స్కీమ్‌తో (ఒక లింక్ ద్వారా యాప్‌కి ఆదేశం పంపే పద్ధతి) జేసన్ రూపంలో, అంటే ప్రోగ్రాములు సులువుగా చదవగలిగే టెక్స్ట్‌గా, ప్రాజెక్ట్ మొత్తం ఒకేసారి పంపించవచ్చు, మీ మొదటి స్క్రిప్ట్‌కి అది చాలు. కానీ వాళ్ళ క్లౌడ్‌కి బయటివాళ్ళకోసం ఏపీఐ లేదు, కాబట్టి స్క్రిప్ట్ మీ మెషీన్ మీదే నడవాలి, ఎక్కడో సర్వర్‌లో పెట్టడం కుదరదు.

గూగుల్ టాస్క్స్‌కి ఏపీఐ ఉంది, ఉచితం కూడా, కానీ గడువులో తేదీ మాత్రమే నిలబడుతుంది, మీరు పంపిన టైమ్‌ని అది పక్కన పడేస్తుంది. సాయంత్రం 4 గంటలకి గుర్తుచేయాల్సిన పనులుంటే అది మీకు కాదు.

కొండగాలి:

పాతకోడ్ గారు చెప్పినదంతా బాగుంది గానీ, ఇంత దూరం ఎందుకండీ? సాదా టెక్స్ట్ ఫైల్ పెట్టుకోండి. టూడూ డాట్ టీఎక్స్‌టీ అని 2006 నుంచీ ఉంది, జినా ట్రపానీ మొదలుపెట్టారు. ఒక లైన్ ఒక పని. పూర్తయితే లైన్ మొదట్లో చిన్న ఎక్స్, ప్రయారిటీ బ్రాకెట్‌లో ఒక అక్షరం, ప్రాజెక్ట్ ముందు ప్లస్ గుర్తు, సందర్భం ముందు ఎట్ గుర్తు. నియమాలన్నీ ఒక్క పేజీలో అయిపోతాయి. వారం రిపోర్ట్ కావాలా, ఎక్స్‌తో మొదలయ్యే లైన్లలో ఈ వారం తేదీలున్నవి గ్రెప్ (ఫైల్‌లో వెతికే కమాండ్) చేయండి, అయిపోయింది. ఏపీఐ లేదు, టోకెన్ లేదు, ఏ కంపెనీ మూతపడినా ఫైల్ మీ డిస్క్ మీదే ఉంటుంది.

పాతకోడ్:

కొండగాలి, ఆ ఫైల్ అంటే నాకూ ఇష్టమే, కాదనను. కానీ ఈయనకి పని కింద పని కావాలి, ప్రతి నెలా తిరిగి రావాలి. ఆ ఒక్క పేజీ నియమాల్లో ఈ రెండూ లేవు. కీ, కోలన్, విలువ అనే రూపంలో ఎవరికి తోచింది వాళ్ళు చేర్చుకోవచ్చు, అందుకే ఒక్కో యాప్ రిపీట్‌ని ఒక్కోలా రాస్తుంది, ఒకదాంట్లో రాసింది ఇంకోదాంట్లో పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. పైగా ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకేసారి అదే ఫైల్ మార్చితే సింక్ చేసే సర్వీస్ రెండు కాపీలు చేసి ఊరుకుంటుంది, ఏది ఉంచాలో మనమే కూర్చుని చూసుకోవాలి. కంప్యూటర్ ముందే కూర్చుని పనిచేసేవాళ్ళకి అది చాలా గొప్పది. ఈయన ఫోన్ వాడకం గురించి కూడా రాశారు.

కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళకి నేనయితే టాస్క్‌వారియర్ చెబుతాను. ఎక్స్‌పోర్ట్ కమాండ్ కొడితే పూర్తయినవీ డిలీట్ చేసినవీ సహా మొత్తం జేసన్‌గా వస్తుంది, ప్రతి పనికీ యూయూఐడీ (ఇంకెక్కడా రాని గుర్తింపు సంఖ్య) ఉంటుంది, అదే జేసన్‌ని మార్చి ఇంపోర్ట్ చేస్తే అదే యూయూఐడీ ఉన్న పని అప్‌డేట్ అవుతుంది, కొత్తది పుట్టదు. ఇంకా హుక్స్ ఉన్నాయి. పని చేర్చినప్పుడో మార్చినప్పుడో మీ స్క్రిప్ట్‌ని అదే పిలుస్తుంది, చేర్చినప్పుడు ఆ పనిని ఒక లైన్‌గా, మార్చినప్పుడు పాత రూపం ఒక లైన్, కొత్త రూపం ఒక లైన్ జేసన్‌లో ఇస్తుంది, మీ స్క్రిప్ట్ సరే అంటేనే మార్పు నిలబడుతుంది. గడువు లేకుండా ఏ బిల్లూ చేర్చకూడదు అనే నియమం మీరే పెట్టుకోవచ్చు, యాప్ తయారుచేసినవాళ్ళని బతిమాలక్కర్లేదు. 2024లో వచ్చిన 3వ వెర్షన్‌లో లోపల నిల్వ చేసే పద్ధతి మొత్తం మారింది, అంతకుముందు టెక్స్ట్ ఫైళ్ళు, ఇప్పుడు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైల్. పాత ఫైళ్ళని నేరుగా చదివే స్క్రిప్ట్‌లు ఆగిపోయాయి, ఎక్స్‌పోర్ట్ కమాండ్ మీద రాసుకున్నవి మాత్రం అలాగే నడుస్తున్నాయి. మీరు ఏ యాప్ తీసుకున్నా ఇది పట్టించుకోండి, లోపలి ఫైల్ కంటే వాళ్ళు మాటిచ్చిన దారి మీద రాసుకున్న స్క్రిప్ట్‌కి ఆయుష్షు ఎక్కువ.

వరుసలెక్క:

ఎవరూ క్యాల్‌డావ్ ఊసు ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

టాస్క్ అనేదానికి ఒక ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. ఐక్యాలెండర్ ప్రమాణం 1998లో వచ్చింది, 2009లో ఆర్ఎఫ్‌సీ 5545గా (ఆర్ఎఫ్‌సీ అంటే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) దాన్ని తిరిగి రాశారు. మీటింగ్‌లకి వీఈవెంట్ ఉన్నట్టే పనులకి వీటూడూ అని ఉంటుంది. గడువు, స్టేటస్, ఎంత శాతం పూర్తయింది, రిపీట్ నియమం, ఏ పని కింద ఏ పని, అన్నిటికీ అందులో చోటుంది. ఆ ఫైళ్ళని సర్వర్‌లో పెట్టి చదివే, రాసే పద్ధతి క్యాల్‌డావ్, అది 2007 నాటి ఆర్ఎఫ్‌సీ 4791. నెక్స్ట్‌క్లౌడ్, రాడికేల్ లాంటి సర్వర్లు, ఆండ్రాయిడ్‌లో టాస్క్స్ డాట్ ఆర్గ్, జేటీఎక్స్ బోర్డ్, డెస్క్‌టాప్‌లో థండర్‌బర్డ్, ఇవన్నీ ఆ ప్రమాణంతోనే పనిచేస్తాయి. కంప్యూటర్‌లో వీడిర్‌సింకర్ పెట్టుకుంటే ప్రతి పనీ మీ ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌గా దిగుతుంది, పైథాన్‌తో మార్చితే మళ్ళీ సర్వర్‌కి ఎక్కుతుంది, ఫోన్‌లో కనిపిస్తుంది. కొండగాలి గారికి కావాల్సిన టెక్స్ట్ ఫైలూ ఉంటుంది, మీకు కావాల్సిన ఫోనూ ఉంటుంది.

రేపు ఆ ఫోన్ యాప్ నచ్చకపోతే ఇంకో యాప్‌లో అదే అడ్రస్, అదే పాస్‌వర్డ్ ఇస్తారు, అంతే, డేటా కదలదు. నా దృష్టిలో ఇంతకంటే పెద్ద స్వేచ్ఛ లేదు. ఆపిల్ రిమైండర్స్ కూడా ఒకప్పుడు ఐక్లౌడ్‌లో ఇలాగే ఉండేది. 2019లో ఐఓఎస్ 13తో కొత్త ఫార్మాట్‌కి మార్చుకున్నవాళ్ళ పనులు అప్పటినుంచి ఐక్లౌడ్ క్యాల్‌డావ్‌లో కనిపించడం మానేశాయి. కొత్త ఫీచర్లు వచ్చాయి, పాత తలుపు మూసుకుంది. వేరే క్యాల్‌డావ్ సర్వర్ ఖాతాని అందులో చేర్చుకుంటే మాత్రం ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. ప్రయారిటీ ఇక్కడ 1 నుంచి 9 దాకా, 1 అన్నిటికంటే ముఖ్యం, 0 అంటే ఏమీ పెట్టలేదని. పైన చెప్పిన టోడోయిస్ట్ ఏపీఐలో 4 అత్యవసరం కదా, దాన్నుంచి ఇటు తెస్తే అంకెలు అలాగే దింపకండి. ఇంకోటి, తెలుగులో రాసుకునేవాళ్ళు తప్పక చూసుకోవాల్సింది: ఈ ఫైళ్ళలో ఒక లైన్ 75 బైట్లు దాటకూడదని, దాటితే విరిచి తర్వాతి లైన్‌ని ఒక స్పేస్‌తో మొదలుపెట్టాలని ఉంది. యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా దాచే పద్ధతిలో, తెలుగు అక్షరమైనా, గుణింతపు గుర్తైనా, పొల్లైనా ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. కొన్ని ప్రోగ్రాములు సరిగ్గా అక్షరం మధ్యలో విరిచేస్తాయి. మీరు లైన్ తర్వాత లైన్ టెక్స్ట్‌గా చదివితే అక్కడ చెత్త వస్తుంది లేదా స్క్రిప్ట్ ఎర్రర్‌తో ఆగుతుంది. ఫైల్‌ని బైట్లుగా చదివి, విరిచిన లైన్లన్నీ ముందు కలిపి, ఆ తర్వాతే యూటీఎఫ్-8గా మార్చాలి. మంచి లైబ్రరీ వాడితే అదే చూసుకుంటుంది, సొంతంగా రాసుకునేవాళ్ళు మాత్రం జాగ్రత్త.

మిగిలినపని:

చాలా చాలా థాంక్స్ అండి అందరికీ. క్యాల్‌డావ్ వైపే మనసు లాగుతోంది. రెండు సందేహాలు.

ఒకటి, పాత యాప్‌నుంచి పూర్తయిన పనులు ఎలా తెచ్చుకోవాలి? డెస్క్‌టాప్ వెర్షన్ ఫోల్డర్ వెతికితే లోపల ఎస్‌క్యూలైట్ ఫైల్ ఒకటి కనిపించింది. దాన్ని నేరుగా తెరిచి చదువుకోవచ్చా, ఏదైనా పాడవుతుందా? రెండు, ఆ తెలుగు పిచ్చి గుర్తుల సంగతి. డేటానే పోయిందా, ఎక్సెల్ తప్పా?

రాత్రిడ్యూటీ:

రెండోది ముందు చెప్తాను, చిన్నది కాబట్టి. మీ డేటా పోలేదు. ఆ సీఎస్‌వీ యూటీఎఫ్-8లో ఉంది, కానీ ఫైల్ మొదట్లో బామ్ అనే గుర్తు లేకపోతే ఎక్సెల్ దాన్ని వేరే ఎన్‌కోడింగ్ అనుకుని తెరుస్తుంది. డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి, లేదా లిబ్రే ఆఫీస్‌లో తెరవండి, అది అడుగుతుంది. చూసిన తర్వాత ఎక్సెల్‌లోంచి మళ్ళీ సేవ్ మాత్రం చేయకండి, పిచ్చి గుర్తులతోనే సేవ్ అయితే అప్పుడు నిజంగానే పోతుంది. ఇలాంటిదే పైథాన్‌లో కూడా ఎదురవుతుంది: జేసన్ రాసేటప్పుడు తెలుగు బదులు బ్యాక్‌స్లాష్, యూ, అంకెలు వరసగా వస్తాయి. అది తప్పు కాదు, చదివితే మళ్ళీ తెలుగే వస్తుంది, కానీ కంటితో చూసుకోలేం, గ్రెప్ చేయలేం. ఎన్‌ష్యూర్ ఆస్కీ అనే ఆప్షన్‌ని ఫాల్స్ పెడితే తెలుగు తెలుగులాగే ఉంటుంది.

ఇక ఎస్‌క్యూలైట్. చదవచ్చు, రాయకూడదు. యాప్ పూర్తిగా మూసేసి, ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని, ఆ కాపీ మీద పనిచేయండి. ఒక్క ఫైల్ కాపీ చేస్తే సరిపోదు. చాలా యాప్‌లు వాల్ మోడ్‌లో నడుస్తాయి, అంటే కొత్త మార్పులు ముందు పక్కనే ఉన్న ఇంకో ఫైల్‌లోకి వెళ్తాయి, దాని పేరు చివర వాల్ అని ఉంటుంది. అది వదిలేస్తే మీ కాపీలో ఆఖరున చేసిన మార్పులు ఉండవు. యాప్ నడుస్తుండగానే తీయాల్సివస్తే ఎస్‌క్యూలైట్‌కే బ్యాకప్ కమాండ్ ఉంది, అది సరైన కాపీ ఇస్తుంది.

తెరిచాక తేదీలు వింత అంకెలుగా కనిపిస్తే కంగారుపడకండి. 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు కావచ్చు, మిల్లీసెకన్లు కావచ్చు, ఆపిల్ యాప్‌లలో చాలాచోట్ల 2001 జనవరి 1 నుంచి లెక్క. మీకు ఖచ్చితంగా తేదీ గుర్తున్న ఒక పని తీసుకుని మూడింటితోనూ లెక్కేసి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

ఎందుకు రాయకూడదంటే, ఆ టేబుల్‌లో మీకు కనిపించేది సగమే. ఏ మార్పు సర్వర్‌కి వెళ్ళింది, ఏది వెళ్ళాలి అన్న లెక్క వేరే చోట ఉంటుంది. మీరు నేరుగా ఒక వరస మార్చితే ఆ లెక్కకి తెలియదు, తర్వాతి సింక్‌లో మీ మార్పు కొట్టుకుపోతుంది, లేదా ఫోన్‌లో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి ఉండిపోతాయి.

ఇంకో దారి కూడా ఉంది. ఆ కంపెనీ యూరప్‌లో ఉన్నవాళ్ళకి సర్వీస్ ఇస్తుంటే, అక్కడివాళ్ళకి జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం 20వ అధికరణ కింద తాము ఇచ్చిన డేటాని యంత్రం చదవగలిగే రూపంలో అడిగే హక్కు ఉంది, ఆ చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. దానికోసం పెట్టిన ‘నా డేటా డౌన్‌లోడ్’ పేజీని చాలా కంపెనీలు అందరికీ తెరిచి ఉంచుతాయి. మామూలు ఎక్స్‌పోర్ట్‌లో రానివి అక్కడ వచ్చే అవకాశం ఉంది, సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద వెతకండి.

వరుసలెక్క:

మిగిలినపని గారూ, తరలించే స్క్రిప్ట్ రాసేముందు ఈ కొన్ని మాటలు.

పాత ఐడీని పారేయకండి. కొత్త పని యూఐడీని (ఐక్యాలెండర్‌లో ప్రతి పనికీ ఉండే ఐడీ) పాత ఐడీ నుంచే తయారుచేయండి, అంటే అదే పాత పనికి ప్రతిసారీ అదే యూఐడీ రావాలి. అప్పుడు స్క్రిప్ట్ మధ్యలో ఆగిపోయి మళ్ళీ నడిపినా, ఇప్పటికే వెళ్ళినవి రెండోసారి పుట్టవు. ప్రతిసారీ కొత్త ఐడీ ఇచ్చారంటే ఒక్క నెట్ ఎర్రర్‌తో జాబితా మొత్తం జంటలు జంటలుగా తయారవుతుంది. ఏపీఐలు బాగా రాసినవాళ్ళు ఇది ముందే ఆలోచిస్తారు. టోడోయిస్ట్ సింక్ ఏపీఐలో ప్రతి ఆదేశానికీ మనమే ఒక యూయూఐడీ ఇస్తాం, అదే యూయూఐడీతో మళ్ళీ పంపితే రెండోసారి అమలుచేయదు.

తేదీ మాత్రమే ఉన్న గడువుని తేదీగానే ఉంచండి. దాన్ని అర్ధరాత్రి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) టైమ్‌గా మార్చితే పశ్చిమాన ఉన్న టైమ్‌జోన్‌లో అది ముందురోజు సాయంత్రంగా కనిపిస్తుంది. స్థానిక అర్ధరాత్రిని యూటీసీకి మార్చి తేదీ కత్తిరిస్తే తూర్పున ఉన్నవాళ్ళకి ఒకరోజు వెనక్కి పోతుంది. ఐక్యాలెండర్‌లో తేదీకి వేరే రకం ఉంది, టైమ్‌కి వేరే రకం ఉంది, వాటిని కలపకండి.

మొదట రాయకుండా చూపించేలా నడపండి, ఏం చేర్చబోతోందో స్క్రీన్ మీద చూడండి, తర్వాత పది పనులతో ప్రయత్నించండి. క్యాల్‌డావ్ సర్వర్ ప్రతి ఫైల్‌కీ ఒక ఈట్యాగ్ (ఫైల్ మారితే మారే గుర్తు) ఇస్తుంది, మార్చేటప్పుడు ‘నేను చదివినప్పటి ఈట్యాగ్ ఇదే అయితేనే రాయి’ అని పంపండి. ఈలోపు ఫోన్‌లో ఎవరైనా ఆ పని మార్చి ఉంటే సర్వర్ 412 అనే ఎర్రర్‌తో తిప్పికొడుతుంది, మళ్ళీ చదివి రాయండి. ఇది పెట్టకపోతే ఫోన్‌లో ఇప్పుడే టిక్ చేసిన పనిని స్క్రిప్ట్ మళ్ళీ పూర్తికానిదిగా చేసేస్తుంది, ఎందుకలా జరిగిందో ఎంత వెతికినా దొరకదు.

కొండగాలి:

టోకెన్ల గురించి కూడా ఒకరు చెప్పాలి కాబట్టి నేనే చెప్తాను. ఏపీఐ టోకెన్ అంటే చాలా యాప్‌లలో మొత్తం ఖాతా తాళం. స్క్రిప్ట్ లోపల రాసి గిట్‌లో (ఫైళ్ళ మార్పుల చరిత్ర దాచే సాధనం) పెట్టకండి, తర్వాత తీసేసినా పాత కమిట్లలో ఉండిపోతుంది. వేరే ఫైల్‌లో పెట్టి మీరు తప్ప ఇంకెవరూ చదవకుండా పర్మిషన్ 600 పెట్టండి. చదవడానికి మాత్రమే అనుమతించే టోకెన్ ఇచ్చే సర్వీసయితే వారం రిపోర్ట్ స్క్రిప్ట్‌కి అదే వాడండి, రిపోర్ట్‌కి రాసే హక్కు అక్కర్లేదు. సర్వర్ 429 అంటే చాలా వేగంగా అడుగుతున్నారని, జవాబులో ఎన్ని సెకన్లు ఆగాలో ఉంటే అన్ని ఆగండి, వెంటనే మళ్ళీ అడిగితే ఇంకా ఆలస్యమవుతుంది.

అలాగే, ఏ యాప్ అయినా రోజూ ఒకసారి మొత్తం జేసన్‌గా దించి, ఐడీ వరసలో సర్ది గిట్‌లో కమిట్ చేయండి. వరస మారకుండా ఉంటే ఏ రోజు ఏ పని మారిందో తేడాలో తేటగా కనిపిస్తుంది. మీ వారం రిపోర్ట్ కూడా అందులోంచే తీయవచ్చు, యాప్ పూర్తయిన పనుల చరిత్ర ఇచ్చినా ఇవ్వకపోయినా.

మిగిలినపని:

ఈ గిట్ సంగతి బాగా నచ్చింది, ఇది ముందే చేసుంటే పూర్తయిన పనుల గురించి ఇంత బాధ ఉండేది కాదు. రాడికేల్ పెట్టి, ఫోన్‌లో టాస్క్స్ డాట్ ఆర్గ్‌తో ప్రయత్నిస్తాను. ఆఖరుగా ఒక్కటి: నా దగ్గర రెండు రకాల రిపీట్‌లు ఉన్నాయి. బిల్లులు నెలలో ఫలానా తేదీకే రావాలి. ఫిల్టర్ మార్చడం లాంటివి మాత్రం నేను చేసిన రోజునుంచి మూడు నెలలకి రావాలి, ఆలస్యంగా చేస్తే తర్వాతది కూడా అంత ఆలస్యంగా. వీటూడూలో ఈ రెండోది ఎలా రాయాలి?

వరుసలెక్క:

నేరుగా రాయలేరండి. ఐక్యాలెండర్ రిపీట్ నియమం మొదలైన తేదీనుంచే లెక్కిస్తుంది, పూర్తిచేసిన రోజునుంచి లెక్కించడం ఆ ప్రమాణంలో లేదు. వేరేచోట్ల ఉంది. టోడోయిస్ట్‌లో ఎవ్రీ అంటే క్యాలెండర్ ప్రకారం, ఎవ్రీ పక్కన ఆశ్చర్యార్థకం పెడితే పూర్తిచేసిన రోజునుంచి. ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో పనుల జాబితాలకి వాడే ఆర్గ్ మోడ్‌లో మూడు రకాలున్నాయి: ఒక ప్లస్ అంటే పాత తేదీకి అంత కలుపుతుంది, రెండు ప్లస్‌లంటే పాత తేదీ నుంచే అదే అంతరంతో భవిష్యత్తులో పడేదాకా జరుపుతుంది, చుక్క పెట్టి ప్లస్ అంటే పూర్తిచేసిన రోజునుంచి. దీన్ని ఇంత స్పష్టంగా విడగొట్టినవాళ్ళు వేరే ఎవరూ నాకు కనిపించలేదు.

కొన్ని యాప్‌లు ఈ సౌకర్యాన్ని తమ పద్ధతిలో ఇస్తాయి, కానీ ఆ సమాచారం ప్రమాణంలో భాగం కాదు కాబట్టి ఇంకో యాప్‌లో తెరిస్తే మామూలు రిపీట్‌గా మారిపోవచ్చు. అందుకని మీ రెండో రకానికి రిపీట్ నియమమే పెట్టకండి. పనికి ఒక క్యాటగిరీ తగిలించండి, ‘చేశాక 90 రోజులు’ అని. రాత్రి నడిచే స్క్రిప్ట్ ఆ క్యాటగిరీ ఉండి పూర్తయిన పనుల్ని వెతికి, పూర్తయిన తేదీకి 90 కలిపి అదే పేరుతో కొత్త పని చేరుస్తుంది. కొత్తదాని యూఐడీని పాత యూఐడీ, పూర్తయిన తేదీ కలిపి తయారుచేస్తే రాత్రికి రెండుసార్లు నడిచినా ఒకటే పుడుతుంది. క్యాటగిరీలు ప్రమాణంలో ఉన్నవే కాబట్టి చాలా యాప్‌లలో చెక్కుచెదరవు. నా దగ్గరున్న స్క్రిప్ట్‌లోంచి టోకెన్లు, సొంత పేర్లు తీసేసి రేపు ఇక్కడ పెడతాను, మీ క్యాటగిరీ పేరు మార్చుకుని వాడుకోండి.